టవర్ దూరమైతే ఫోన్ గట్టిగా అరుస్తుంది

కోటవురట్లలోనైనా, నర్సీపట్నంలోనైనా, మరే ఊళ్లోనైనా సెల్ టవర్ వేస్తామంటే "మా ఇంటి పక్కన మాత్రం వద్దు బాబూ" అనేవాళ్లు తప్పకుండా ఉంటారు. అలా అన్నాయనే రాత్రి ఫోన్ దిండు కింద పెట్టుకుని పడుకుంటాడు. లెక్క వేసి చూస్తే ఆయన భయం తప్పు దిక్కున ఉంది.

ముందు టవర్ సంగతి. 900 మెగాహెర్ట్జ్ తరంగాలకు అంతర్జాతీయ పరిమితి చదరపు మీటరుకు 4.5 వాట్లు. మన దేశం 2012 సెప్టెంబరు 1 నుంచి దాన్ని పదో వంతుకు, అంటే 0.45కి తగ్గించింది. 20 వాట్ల యాంటెన్నా తన శక్తిని ఒకే వైపు 50 రెట్లుగా కేంద్రీకరించి పంపుతోందనుకుందాం. సరిగ్గా దానికి ఎదురుగా 50 మీటర్ల దూరంలో నిలబడినవాడి మీద పడేది చదరపు మీటరుకు సుమారు 0.03 వాట్లు. దూరం రెట్టింపైతే అందులో పావు వంతే. మిట్టమధ్యాహ్నం ఎండ చదరపు మీటరుకు దాదాపు 1000 వాట్లు.

ఫోన్ కథ వేరు. దాని శక్తి తక్కువే, 4జీలో గరిష్ఠంగా 0.2 వాట్లు. కానీ అది చెవికి ఆనుకుని ఉంటుంది. అందుకే దానికి వేరే కొలత పెట్టారు: తల కిలోకు ఎన్ని వాట్లు పీల్చుకుంటుంది? మన పరిమితి 1.6. ఊరికే కూర్చున్నప్పుడు మన ఒంట్లో పుట్టే వేడి కూడా కిలోకు ఒక వాట్ పైచిలుకే. ఫోన్ తీసి స్టార్, హ్యాష్, సున్నా, ఏడు, హ్యాష్ నొక్కండి. చాలా ఫోన్లలో మీ సెట్టు అంకె తెర మీదికి వస్తుంది.

అయితే అది పరీక్షశాలలో పూర్తి శక్తితో వచ్చిన అంకె. టవర్ దగ్గరుంటే ఫోన్ తన శక్తిని వేల రెట్లు తగ్గించుకుంటుంది. కొండవారన సిగ్నల్ ఒక్క పాయింటు దగ్గర కొట్టుకుంటుంటే గరిష్ఠానికి ఎగబాకుతుంది, బ్యాటరీ కూడా అందుకే త్వరగా దిగిపోతుంది. అంటే టవర్‌ని ఊరవతలికి తరిమితే మన తలకు తగిలేది తగ్గదు, పెరుగుతుంది.

మరి క్యాన్సర్? 2011 మే 31న అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ తరంగాలను 2బి జాబితాలో చేర్చింది. "కారణం కావచ్చు, ఆధారం చాలదు" అనే వర్గం అది. కొన్ని ఆసియా దేశాల సంప్రదాయ ఊరగాయలు కూడా అందులోనే ఉన్నాయి. ఉత్తరాంధ్ర పల్లెల్లో పెద్దవయసు ఆడవాళ్లు నిప్పు కొసను నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డచుట్ట పొగాకేమో మొదటి జాబితాలో ఉంది, దాని విషయంలో అనుమానమే లేదు. చుట్టను చూసి ఎవరూ ధర్నా చేయరు!

2బికి ముఖ్య ఆధారాల్లో ఒకటి 13 దేశాల ఇంటర్‌ఫోన్ అధ్యయనం. మొత్తం మీద ముప్పు కనబడలేదు. జీవితంలో 1640 గంటలకు మించి మాట్లాడామన్నవారిలో మాత్రం గ్లియోమా అనే మెదడు కణితి 40 శాతం ఎక్కువగా తేలింది. పదేళ్లకు పంచితే రోజుకు 27 నిమిషాలు. చిక్కేమిటంటే ఆ గంటలు జ్ఞాపకం మీద చెప్పినవి, నమ్మశక్యం కాని లెక్కలు చెప్పినవారూ ఉన్నారు. తర్వాత ఫోన్ కంపెనీల రికార్డులను కూడా తీసుకుని 2,64,574 మందిని గమనించిన కాస్మాస్ అధ్యయనంలో (2024) ఆ పెరుగుదల కనబడలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరగా అదే ఏడాది 63 అధ్యయనాలను జల్లెడ పట్టినవారూ మెదడు క్యాన్సర్‌తో సంబంధం లేదనే తేల్చారు. పిల్లల మాటకొస్తే, భారత్‌తో సహా 14 దేశాల్లో 10 నుంచి 24 ఏళ్లవారిపై జరిగిన మోబి-కిడ్స్ అధ్యయనం కూడా ముప్పు చూపలేదు.

ఇంత చూశాక నా తీర్పు: ఈ తరంగాలకు భయపడి నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు. మనసు ఒప్పుకోకపోతే ఇయర్‌ఫోన్ వాడండి, సిగ్నల్ లేనిచోట మాట కుదించండి. టవర్ మీదే అనుమానముంటే టెలికాం శాఖ వారి తరంగ్ సంచార్ పోర్టల్లో దాని వివరాలు చూడొచ్చు. 4000 రూపాయలు కడితే వచ్చి కొలుస్తారు కూడా.

ఫోన్‌తో ప్రాణాలు పోతున్న చోటు మాత్రం రోడ్డు. కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో 2021లో బండి నడుపుతూ ఫోన్ వాడటం వల్ల జరిగిన ప్రమాదాలు 1997, పోయిన ప్రాణాలు 1040. నర్సీపట్నం రోడ్డెక్కే ముందు హెల్మెట్‌లో ఇరికించిన ఫోన్ తీసి జేబులో పెట్టుకోండి.