రెండు విగ్రహాల కథ

మద్రాసు వెళ్లినప్పుడల్లా ఇద్దరు ఆంగ్లేయ సేనానులు నాకు గుర్తొస్తారు.

జనరల్ నీల్ 1857 తిరుగుబాటులో అలహాబాదులో విచారణ లేకుండానే జనాన్ని ఉరితీయించాడు. ఆ ఏడే లక్నోలో హతుడయ్యాడు. మౌంట్ రోడ్డులోని అతని విగ్రహం తీసేయాలని 1927లో సత్యాగ్రహులు జైలుకెళ్లారు. 1937లో రాజాజీ ప్రభుత్వ కాలంలో దాన్ని తొలగించారు. ఇప్పుడది ఎగ్మూరు మ్యూజియంలో ఉంది.

మేజర్ జనరల్ థామస్ మన్రో కూడా కంపెనీ మనిషే, శిస్తు వసూలు చేసినవాడే. కాని దత్తమండలాల కలెక్టరుగా 1800 నుంచి 1807 వరకు ఊరూరా తిరిగి, శిస్తు నాలుగోవంతు తగ్గించాలని పైవారికి రాశాడు. 1827లో పత్తికొండలో కలరాతో పోయాడు. సీమవాళ్లు బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. గుర్రంపై ఆయన విగ్రహం చెన్నైలో ఇంకా నిలిచే ఉంది.

ఇద్దరూ పరాయి పాలకులే. అయినా జనం వాళ్లను ఒకే గాటన కట్టలేదు. మన పిల్లలకు ఈ తేడా చెప్పాలని నా కోరిక.