అడ్వాన్స్ ఎవరి సొమ్ము?

శ్రీహరికోటలో పని దొరికితే సూళ్లూరుపేటలో ఇల్లు వెతుక్కోవాలి. బాడుగ, అడ్వాన్స్ నోటిమాట మీదే కుదిరిపోతాయి. చిక్కంతా ఖాళీ చేసే రోజున మొదలవుతుంది.

మా నాన్నది బదిలీల ఉద్యోగం. నా చిన్నప్పుడు మేం ఖాళీ చేసిన ఒక ఇంట్లో గోడలకున్న మేకులు లెక్కపెట్టి మరీ అడ్వాన్స్‌లో సగం పట్టుకున్నారు. వాటిలో చాలా మేకులు మేం ఆ ఇంట్లో దిగకముందు నుంచీ ఉన్నవే. అమ్మ ఆ మాటే అంటే, ఇంటాయన ఒక్క ప్రశ్న వేశారు: "రాసుకున్నామా అమ్మా?" అమ్మ దగ్గర జవాబు లేదు. సామాను బండికెక్కించి వచ్చేశాం. ఎన్నో ఏళ్ల తర్వాత సూళ్లూరుపేట వీధుల్లో టులెట్ బోర్డులు చూస్తూ నడుస్తుంటే ఆ ప్రశ్నే మళ్లీ చెవిలో పడింది.

దీవిలో లేని బోర్డు

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యగా సాగుతుంది. నీళ్లున్న నెలల్లో రెండు పక్కలా ఫ్లెమింగోలు, ఎండాకాలంలో బీటలు తీసిన ఉప్పునేల. పొద్దున ఉద్యోగుల బస్సులు అటు పోతాయి, సాయంత్రం ఇటొస్తాయి. 1971 అక్టోబరు 9న రోహిణి-125 అనే చిన్న రాకెట్ శ్రీహరికోట దీవి నుంచి ఎగిరింది. 2002లో అక్కడి అంతరిక్ష కేంద్రానికి సతీశ్ ధావన్ పేరు పెట్టారు. కేంద్రం ప్రాంగణంలో టులెట్ బోర్డు ఉండదు, అక్కడివన్నీ క్వార్టర్లే. క్వార్టర్ దక్కనివారికీ, కాంట్రాక్టు పనులకొచ్చేవారికీ సూళ్లూరుపేటే దిక్కు. దక్షిణాన శ్రీసిటీ ఫ్యాక్టరీలు వచ్చాక తడ నుంచి ఇటు దాకా గదులు వెతికే కుర్రకారు కూడా పెరిగారు. 2025 జనవరిలో రూ.3,984.86 కోట్లతో మూడో ప్రయోగ వేదికకు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఆ పనులకొచ్చేవాళ్లకూ తలదాచుకోను ఒక గది కావాలి.

ఊరి దేవత చెంగాళమ్మ గుడికి తలుపులుండవు. అమ్మవారే వద్దన్నారని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు. అమ్మవారికి తలుపు అక్కర్లేదు గానీ, మనుషుల కాపురానికి తలుపు కావాలి, తాళం కావాలి. ఆ తాళం చెవితో పాటు ఒక కాగితం కూడా చేతులు మారాలి.

పదకొండు నెలల కథ

బాడుగ ఒప్పందాలన్నీ 11 నెలలకే ఎందుకు రాస్తారు? ఏడాదికి మించిన కౌలు పత్రాన్ని రిజిస్టర్ చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతుంది. ఆ ఖర్చు, ఆ తిరుగుడు తప్పించుకోవడానికి ఒక నెల తగ్గించుకున్నారు. కానీ ఆంధ్రప్రదేశ్‌లో 1999 సవరణ తర్వాత గడువు ఎంతైనా కౌలు పత్రాన్ని రిజిస్టర్ చేయించాల్సిందే. దీనికి తోడు రెండు పొరపాట్లు తరచుగా జరుగుతుంటాయి. మూడేళ్లకు ఒప్పందం రాసుకుని నోటరీ ముద్ర వేయిస్తే చాలనుకోవడం ఒకటి. నోటరీ ముద్ర రిజిస్ట్రేషన్‌కు బదులు కాదు. 11 నెలలు దాటాక కొత్త కాగితం రాసుకోకుండా అలాగే ఉండిపోవడం రెండోది. ఇంటివారు బాడుగ తీసుకుంటూ ఉంటే, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం అది నెలనెలా సాగే కౌలుగా మారుతుంది. అప్పుడు ఎవరు వద్దనుకున్నా 15 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇస్తే సరిపోతుంది. పిల్లల్ని బడిలో చేర్చిన సంసారానికి 15 రోజులంటే ఎంత తక్కువో ఆలోచించండి. అందుకే నోటీసు గడువు నెలో, రెండు నెలలో అని ఒప్పందంలోనే రాసుకోవాలి.

ఎన్ని నెలల అడ్వాన్స్?

ఈ ప్రశ్న కొత్తది కాదు. ఆంధ్రప్రదేశ్ 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం, ఇంటివారు ఒక నెల అద్దెకు మించి అడ్వాన్స్ తీసుకోకూడదంది. కానీ ఆ చట్టం గొడుగు రానురాను కుంచించుకుపోయింది. కట్టి 15 ఏళ్లు నిండని ఇళ్లూ, కార్పొరేషన్ కాని ఊళ్లలో నెలకు రూ.2,000 మించిన అద్దె ఇళ్లూ 2005 సవరణతో దాని బయటికి పోయాయి. సూళ్లూరుపేట లాంటి ఊళ్లో ఇక ఎన్ని ఇళ్లు మిగులుతాయి? 2017లో రాష్ట్రం నివాస, నివాసేతర అద్దెల కోసం కొత్త చట్టం చేసింది.

2021 జూన్ 2న కేంద్ర మంత్రివర్గం నమూనా అద్దె చట్టాన్ని ఆమోదించింది. దాని ప్రకారం కాపురముండే ఇంటికి అడ్వాన్స్ 2 నెలల అద్దెకు మించకూడదు. దుకాణాలకు, ఆఫీసులకు 6 నెలలు. ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి, 2 నెలల్లోగా అద్దె అధికారికి తెలియజేయాలి. ఇంటి యజమాని లోపలికి రావాలంటే 24 గంటల ముందు చెప్పాలి. గొడవ వచ్చిందని నీళ్లు, కరెంటు ఆపడానికి వీల్లేదు. గడువు దాటినా ఖాళీ చేయని అద్దెదారు మొదటి 2 నెలలు రెట్టింపు, ఆ తర్వాత నాలుగింతల అద్దె కట్టాలి. ఇది నమూనా మాత్రమే. అద్దెల విషయం రాష్ట్రాల చేతిలో ఉంది కాబట్టి రాష్ట్రం చట్టం చేసుకున్న మేరకే అమలవుతుంది. అయినా మన ఒప్పందంలో ఇవే షరతులు రాసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

తడ దాటితే ఆరంబాక్కం, అది తమిళనాడు. అక్కడ 2017లో చేసిన చట్టం వేరుగా ఒప్పుకోకపోతే 3 నెలల అద్దె వరకే అడ్వాన్స్ అంటుంది. పది నెలల అడ్వాన్స్ చెన్నైలో ఏళ్ల తరబడి ఉన్న ఆనవాయితీ. చెన్నై వాడుకను ఇక్కడికి మోసుకొచ్చి, కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడిని పది నెలల సొమ్ము అడగడం న్యాయం కాదు.

ఉప్పుగాలికి బాధ్యులెవరు?

అడ్వాన్స్ ఇంటివారి ఆదాయం కాదు. అద్దెదారు సొమ్ము, ఇంటివారి దగ్గర భద్రంగా ఉంది, అంతే. అందులోంచి తీసుకోదగినవి మూడే: బాకీ పడ్డ బాడుగ, కట్టని కరెంటు-నీటి బిల్లులు, అద్దెదారు వల్ల జరిగిన నష్టం. నెలకు రూ.8,000 బాడుగ, రూ.16,000 అడ్వాన్స్ అనుకుందాం. ఖాళీ చేసేనాటికి కరెంటు బాకీ రూ.900, పగిలిన వాష్‌బేసిన్‌కు రూ.1,600 అయితే రూ.13,500 తాళం చెవి ఇచ్చిన రోజే చేతిలో పడాలి.

పేచీ వచ్చేది గోడల దగ్గర. ఈ తీరంలో ఉప్పుగాలికి కిటికీ ఊచలు తుప్పు పడతాయి, వానల తర్వాత చెమ్మ ఎక్కి రంగు పెచ్చులూడుతుంది. అది అద్దెదారు చేసింది కాదు. సహజమైన అరుగుదలకు అద్దెదారు బాధ్యుడు కాడని 1882 చట్టమే చెప్పింది. చెప్పినా ఇంటివారు మరమ్మతు పట్టించుకోకపోతే, వాళ్లు చేయించవలసిన పనిని అద్దెదారే చేయించి బాడుగలో మినహాయించుకోవచ్చనీ, వరదకో గాలివానకో ఇల్లు ఇక పనికిరాకుండా పోతే కౌలు వదులుకోవచ్చనీ అదే చట్టంలో ఉంది. ఇవన్నీ ఒప్పందంలో వేరే షరతు లేనప్పుడు వర్తించేవి. కాళంగి నది పొంగిన ఊళ్లో ఈ మాటలు కాగితం మీద ఉండటం అవసరం.

ఇంటివారి గుండె దిగులు

ఇంటివారిని దోషులుగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. ఇల్లు కట్టి చూడమన్నది ఊరకే పుట్టిన సామెత కాదు. రిటైరైన రోజున వచ్చిన డబ్బుతో మేడ మీద ఒక పోర్షన్ వేసుకుని, ఆ బాడుగతోనే మందులు కొనుక్కునే పెద్దవాళ్లు ఈ ఊళ్లోనూ ఉంటారు. అద్దెదారు నాలుగు నెలలు బాకీ పెట్టి రాత్రికి రాత్రి పోతే వాళ్లేం చేయాలి? "ఏమబ్బయ్యా, ఎన్నాళ్లుంటారు? ఎక్కడ పని?" అని అడిగే ఇంటామె గొంతులో ఉన్నది ఆరా కాదు, ఆ దిగులే. గుర్తింపు కార్డు నకలు అడిగితే, శ్రీహరికోట పక్కన ఉన్న ఊళ్లో అది సబబే. బాడుగ బ్యాంకు ద్వారా ఇస్తే ఇద్దరికీ మంచిది. పాత పన్ను విధానంలో ఇంటద్దె మినహాయింపు కోరే ఉద్యోగి ఏడాదికి లక్ష రూపాయలు మించి బాడుగ కడుతుంటే, ఇంటివారి పాన్ నంబరు ఇవ్వాలి. ఆ మాట ముందే అనుకుంటే ఏడాది చివర మొహమాటాలు ఉండవు.

దిగే రోజున చేయవలసినవి

* గదిగదికీ తిరిగి ఫ్యాన్లు, లైట్లు, కుళాయిలు, తలుపులు, గోడల మీది మరకలు, మేకులు ఒక కాగితం మీద రాయండి. ఇద్దరూ సంతకం చేయండి. ఫోన్‌లో వీడియో తీసి ఇద్దరి దగ్గరా ఉంచుకోండి.
* కరెంటు మీటరు రీడింగ్ తేదీతో సహా రాసుకోండి.
* అడ్వాన్స్ ఎంత, ఎప్పుడు తిరిగివ్వాలి, రంగుల ఖర్చు ఎవరిది, బాడుగ ఎప్పుడు ఎంత పెరుగుతుంది అన్నవి అంకెల్లో రాయండి.
* ఇల్లు అమ్మితే అడ్వాన్స్ బాధ్యత ఎవరిదో ఒక వాక్యం చేర్చండి.
* ప్రతి చెల్లింపుకూ రశీదు తీసుకోండి.

అయినా పేచీ వస్తే? ముందు రాతపూర్వకంగా అడగండి. తర్వాత న్యాయసేవా సంస్థకు వెళ్లండి. లోక్ అదాలత్‌లో కోర్టు ఫీజు లేదు, అక్కడ కుదిరిన రాజీకి సివిల్ కోర్టు డిక్రీ అంత విలువ ఉంటుంది. న్యాయ సహాయానికి ఫోన్ నంబరు 15100. స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత సాయం అందుతుంది.

కాగితం అడిగితే ఎదుటివారు నొచ్చుకుంటారేమోనని మనం వెనకాడతాం. నొచ్చుకునేది ఖాళీ చేసే రోజున, అది కూడా ఇద్దరూ. ఇంట్లో దిగే రోజున ఇరువైపులా మంచితనమే ఉంటుంది, పాలు పొంగించే రోజది. ఆ మంచితనం ఉన్నప్పుడే రాసుకుంటే పోయే రోజు దాకా నిలుస్తుంది. మా అమ్మకు ఆ రోజున కావలసింది వకీలు కాదు, ఒక తెల్ల కాగితం. మేకులు ఎన్నున్నాయో రాసి, కింద రెండు సంతకాలున్నది.