తౌరాతులోని సమాధానబలి – మన క్రైస్తవ సోదరులు దానిని గ్రహించే తీరు

తెలుగు బైబిలులోని లేవీయకాండము మూడవ అధ్యాయంలో 'సమాధానబలి' అనే మాట వస్తుంది. బైబిలుతో పరిచయం లేని తెలుగువాడు దీన్ని చదివితే, ఏ ప్రశ్నకు సమాధానమో తెలియక తికమకపడతాడు. క్రైస్తవుల తెలుగులో సమాధానమంటే శాంతి. హీబ్రూ మూలంలో ఉన్న పదం 'షెలామీమ్'. సలామ్, సలామత్, ఇస్లాం అనే మాటలు పుట్టిన స-ల-మ ధాతువుకు ఇది హీబ్రూలోని తోబుట్టువు. వాన్ డైక్ అరబీ బైబిలు ఈ చోట అర్పణను 'ఖుర్బాన్' అనీ, ఈ బలిని 'సలామత్' జబీహా అనీ పేర్కొంటుంది. మదరసాలో చదివిన కుర్రవాడు ఆ అరబీ వాక్యాన్ని తడుముకోకుండా అర్థం చేసుకుంటాడు. అదే వాక్యం తెలుగులో ఎదురైతే ఆగిపోతాడు.

ఈ చిక్కు తెలుగు అనువాదకులతో మొదలైంది కాదు. హీబ్రూలో ఈ ధాతువుకు పూర్ణంగా ఉండటం, లోటు లేకపోవడం, బాకీ తీర్చడం అనే అర్థాలున్నాయి. క్రీస్తుకు పూర్వం వెలువడిన గ్రీకు అనువాదం లేవీయకాండంలో 'రక్షణ' అనే అర్థమిచ్చే మాటను, సమూయేలు, రాజుల గ్రంథాలలో 'శాంతి' అనే అర్థమిచ్చే మాటను వాడింది. లాటిన్ అనువాదం శాంతినే పట్టుకుంది. ఇంగ్లీషు, తెలుగు ఆ దారినే నడిచాయి. అనువాదమే వృత్తిగా గల నాకు ఆ పాత అనువాదకుల మీద సానుభూతే ఉంది. సంస్కృతంలో సమాధానమంటే చక్కగా కూర్చడం, కుదుటపరచడం. హీబ్రూ అర్థానికి అది దగ్గరిదే. మాట మంచిదే గాని, వాడుక దాన్ని విడిచి వెళ్లిపోయింది.

లేవీయకాండంలో ముఖ్యమైన అర్పణలు అయిదు. దహనబలి మాంసమంతా కాలిపోతుంది. నైవేద్యం పిండికి సంబంధించినది. పాపపరిహారార్థబలి, అపరాధపరిహారార్థబలి ఇచ్చినవాడికి ఒక్క ముక్క కూడా దక్కదు. ఇచ్చినవాడు కూడా కూర్చుని తినేది సమాధానబలి ఒక్కటే. పశువు ఆడదైనా, మగదైనా కావచ్చు గాని లోపం లేనిదై ఉండాలి. యజమాని దాని తలపై చేయి ఉంచి వధిస్తాడు. రక్తాన్ని బలిపీఠం చుట్టూ చల్లుతారు. కొవ్వు, మూత్రపిండాలు అగ్నికి, బోర, కుడి జబ్బ యాజకులకు పోగా, మిగిలినదంతా యజమానిదే. ఏదైనా మేలు కలిగినందుకు కృతజ్ఞతగానో, మొక్కుబడి తీర్చడానికో, ఊరకే ఇష్టంతోనో దీన్ని ఇస్తారు. ఈ రెండు అధ్యాయాలలో, అంటే మూడు, ఏడు అధ్యాయాలలో, దీని ఫలితంగా పాపక్షమాపణ చెప్పబడలేదన్నది గమనించదగిన విషయం.

ఇక్కడొక నియమం నన్ను బాగా ఆకర్షించింది. కృతజ్ఞతగా ఇచ్చినదైతే మాంసమంతా ఆ రోజే తినేయాలి, తెల్లవారే వరకు ఉంచకూడదు. మిగతా రెండు రకాలకు మరునాటి వరకు గడువుంది. మూడవ రోజుకు మిగిలితే కాల్చివేయాలి. ఒక కుటుంబం ఎద్దును ఒక్క రోజులో తినగలదా? నలుగురినీ పిలవక తప్పదు. అంటే పదిమందికి పెట్టమని విడిగా ఆజ్ఞాపించకుండానే, గడువు పెట్టి ఆ పని చేయించినట్లయింది. దైవప్రవక్త (స) జీవితంలోనూ ఇటువంటి ఘట్టమే ఉంది. ఒక సంవత్సరం బీదలు మదీనాకు తరలివచ్చినప్పుడు, ఖుర్బానీ మాంసాన్ని మూడు రోజులకు మించి ఉంచుకోవద్దని ఆదేశించి, తర్వాత ఆ నిబంధనను తొలగించారని సహీహ్ ముస్లింలో ఉంది. (మన ఇళ్లలో ఫ్రిజ్‌లు వచ్చాక ఆ సడలింపును ఎంత దూరం లాగామో చెప్పనక్కరలేదు.)

క్రీ.శ. 70లో రోమన్లు యెరూషలేము ఆలయాన్ని నాశనం చేయడంతో యూదుల బలులు ఆగిపోయాయి. క్రైస్తవులకు మాత్రం అవి అంతకు ముందే సిద్ధాంతరీత్యా ముగిసినట్లు లెక్క. క్రీస్తు ఒక్కసారే తనను అర్పించుకున్నాడనీ, ఇక పశువుల అవసరం లేదనీ హెబ్రీయులకు వ్రాసిన పత్రిక వాదన. అదే పత్రిక చివరి అధ్యాయం స్తుతించడాన్నీ, ఉన్నది పంచుకోవడాన్నీ దేవునికిష్టమైన బలులుగా పేర్కొంటుంది.

మన గోదావరి ప్రాంతంలో ఈ విషయానికి ప్రత్యేక చరిత్ర ఉంది. 1836లో ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లండు నుండి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ నరసాపురం కేంద్రంగా పని ప్రారంభించారు. అదే తర్వాత గోదావరి డెల్టా మిషన్ అయింది. వీరు బ్రదరన్ శాఖకు చెందినవారు. ఆ శాఖవారికి లేవీయకాండమంటే ప్రాణం. అందులోని ప్రతి బలిలో క్రీస్తు ఛాయను వెదుకుతారు. దేవుడు, యాజకుడు, యజమాని ఒకే పశువులో పాలు పొందే సమాధానబలి వారి దృష్టిలో దేవునితో సహవాసానికి గుర్తు. ప్రతి ఆదివారం వారు రొట్టె విరవడంలో ఆ సహవాసాన్నే చూస్తారు. ఒకరి భారాన్ని మరొకరు మోయరన్న దివ్య ఖుర్‌ఆన్ బోధను నమ్మే మనం సిలువను పరిహారంగా అంగీకరించలేం. అది వేరే సంగతి. నా అభ్యంతరం మరొకటి: ఛాయను వెదికే తొందరలో వ్యాఖ్యాతలు ఆ పంక్తి భోజనాన్ని మరచిపోతారు.

పల్లెల్లోని విశ్వాసులు మరచిపోలేదు. కొడుక్కు ఉద్యోగం వచ్చినా, జబ్బు నయమైనా, కొత్త ఇల్లు కట్టినా కృతజ్ఞత కూడిక పెడతారు. ఇంటి ముందు పందిరి వేసి, పాటలు పాడి, జరిగిన మేలును నలుగురిలో సాక్ష్యంగా చెప్పి, వచ్చినవారందరికీ భోజనం పెడతారు. బలిపీఠం లేదు, రక్తం లేదు. కాని లేవీయకాండం ఏడవ అధ్యాయంలోని కృతజ్ఞతార్పణకు ఇంతకంటే దగ్గరిది నేను చూడలేదు.

కొన్నేళ్ల క్రితం బక్రీదు నాడు మా వీధిలోని ఒక క్రైస్తవ కుటుంబానికి మాంసం పంపితే, గిన్నె మూత తీయకుండానే తిరిగి వచ్చింది. ఆ ఇంటి పెద్ద రిటైరైన ఉపాధ్యాయులు. సాయంత్రం ఆయనే వచ్చి, "బలి ఇచ్చింది మేం ముట్టమండి, ఏమీ అనుకోకండి సాయిబుగారూ" అన్నారు. విగ్రహాలకు అర్పించిన వాటి గురించి పౌలు కొరింథీయులకు వ్రాసింది ఆయన మనసులో ఉంది. "మాస్టారూ, మాంసమూ రక్తమూ అల్లాహ్‌ను చేరవనీ, మన భయభక్తులే చేరతాయనీ సూరా అల్ హజ్ చెబుతుంది. ఇది దహనబలి వంటిది కాదు, మీ సమాధానబలి వంటిది, తిని, తినిపించడానికే" అన్నాను.

ఆయన కాసేపు ఆలోచించి, "మరి మీలో మొక్కుబడి ఉందా?" అని అడిగారు. ఉందన్నాను. హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం మొక్కుకున్న పశువు మాంసాన్ని మొక్కుకున్నవాడు తినకూడదు, అంతా బీదలకే. ఇశ్రాయేలీయుల మొక్కుబడిలో యజమానికీ వాటా ఉంది. "అయితే మీదే కష్టమండి" అని నవ్వారు.

ఆయన నేటికీ ఖుర్బానీ మాంసం తీసుకోరు. పౌలు మాటను ఆయన గ్రహించిన తీరు అది. దాన్ని నేను తప్పు పట్టను. ఆ మరుసటి వేసవిలో మనుమరాలికి ఉద్యోగం వచ్చిందని కూడిక పెట్టినప్పుడు మా ఇంటిల్లిపాదినీ పిలిచారు. మాంసం మన మస్తాన్ భాయ్ కొట్టునుంచే తెప్పించానని ముందుగానే కబురు చేశారు. పాటలు అయ్యేదాకా పందిరి బయట కుర్చీలో కూర్చుని, తర్వాత పంక్తిలో తిన్నాను.