ఈజిప్టు యాత్రకు వెళ్లేవారికి వైద్యుని సూచనలు

పిరమిడ్లను కన్నులారా చూడవలెనన్న కోరిక ఇప్పుడు మన మధ్యతరగతి కుటుంబాలలో అరుదు కాదు. ఉద్యోగ విరమణ చేసిన దంపతులు, గల్ఫ్ దేశాలలో ఉన్న పిల్లల వద్దకు వెళ్లి అటునుండి ఈజిప్టు చూసి రాదలచినవారు, ప్రయాణానికి ముందు నా వద్దకు వచ్చి "ఏయే మందులు వెంట ఉంచుకొనవలెను?" అని అడుగుతుంటారు. మందులకంటె ముందు తెలుసుకొనవలసినది ఆ దేశపు స్వభావం. అది తెలిసియుండి కూడ లెక్కచేయక నేను స్వయంగా ఇబ్బంది పడ్డాను. కనుకనే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

జాంగల దేశ లక్షణం

చరక సంహితలోని కల్పస్థానం భూమిని జాంగలం, ఆనూపం, సాధారణం అని మూడు విధాలుగా చెప్పింది. నీరు, చెట్లు తక్కువై ఎండ, పొడిగాలి అధికంగా ఉండునది జాంగలం. అక్కడ వాతం ప్రబలం. నీటి సమృద్ధి గల మన గోదావరి, కృష్ణా డెల్టాలు ఆనూపానికి దగ్గర. నైలునది పరివాహకంలోని పచ్చని భూమిని విడిచిపెడితే ఈజిప్టు దాదాపు అంతా జాంగలమే. కైరో నగరంలో సంవత్సరం మొత్తానికి కురిసే వర్షం సుమారు 25 మిల్లీమీటర్లు మాత్రమే. మనకు శ్రావణమాసంలో అది ఒక పూట వాన!

ఉక్కపోతకు అలవాటుపడిన మనం చెమట పట్టినదాన్నిబట్టి ఎండ తీవ్రతను అంచనా వేస్తాము. ఎడారిలో చెమట పుట్టిన వెంటనే ఆవిరైపోతుంది. చొక్కా తడవదు, ఒంటిలోని నీరు మాత్రం పోతూనే ఉంటుంది.

2019 మార్చిలో లక్సర్ వద్ద రాజుల లోయను చూడబోయాను. బస్సులో మూత్రవిసర్జనకు ఇబ్బంది కలుగునేమోనని ఉదయం నుండి ఒక్క గ్లాసు నీటితో సరిపెట్టుకొన్నాను. చెమట పట్టలేదు, దాహమూ అంతగా తోచలేదు. రెండవ సమాధిలో నుండి మెట్లెక్కి పైకి వచ్చేసరికి కళ్లు తిరిగి, గోడ పట్టుకొని కూలబడ్డాను. నా సహధర్మచారిణి ఉప్పు, పంచదార కలిపి తెచ్చుకొన్న నీటిని కొద్దికొద్దిగా త్రాగించి, అరగంట నీడన కూర్చుండబెట్టిన తరువాత గాని లేవలేకపోయాను. "ఊరందరికీ చెప్పే వైద్యులకు చెప్పేవారెవరు?" అన్నదామె. సహజ వేగాలను నిరోధించరాదని గురుకులంలో వల్లించినవాడిని, ఆ వేగమే కలుగకుండ చేయబోయి భంగపడ్డాను. మన పెద్దవారు, ముఖ్యంగా స్త్రీలు, ప్రయాణాలలో చేసే పొరపాటు ఇదే.

నీటి విషయంలో నియమాలు

దాహం వేసేవరకు ఆగక, బయట తిరిగేటప్పుడు అరగంటకొకసారి కొన్ని గుక్కలు త్రాగవలెను. మూత్రం లేత గడ్డిరంగులో ఉంటే నీరు చాలినట్లు. ముదురు పసుపుగా మారితే చాలనట్లు. గుండె, మూత్రపిండాల వ్యాధులున్నవారు ఎంత త్రాగవలెనో తమ వైద్యుని అడిగి వెళ్లవలెను. మూత సీలు సరిగా ఉన్న సీసా నీటినే వాడండి. మంచుముక్కలు వద్దు. మరుగుదొడ్ల వద్ద పనివారికి బక్షీషు ఇచ్చుట అక్కడి ఆచారం. చిన్న నోట్లు, చిల్లర వేరుగా ఉంచుకొంటే ఆ సంకోచమూ ఉండదు.

ఏ ఋతువు మంచిది?

నవంబరు నుండి ఫిబ్రవరి వరకు ఉత్తమం. పగలు హాయిగా ఉన్నా, రాత్రులు చలి గనుక శాలువ, స్వెటరు అవసరం. మార్చి నుండి మే వరకు ఖమ్‌సీన్ అనే వేడి దుమ్ముగాలి అప్పుడప్పుడు వీస్తుంది. ఉబ్బసం ఉన్నవారు ఆ రోజులలో గది విడిచి పోరాదు. ఇన్‌హేలరు చేతి సంచిలో ఉండవలెను. వేసవిలో లక్సర్, అస్వాన్‌లలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. వృద్ధులు అప్పుడు ఆ ప్రయాణం మానుట మేలు. పొడిగాలికి పెదవులు, మడమలు పగలకుండ రాత్రి నెయ్యి గాని కొబ్బరినూనె గాని రాసుకొనండి.

భోజనం

శాకాహారులకు అక్కడ కొరత లేదు. అన్నం, మసూరపప్పు, శనగలు, మాకరోనీ కలిపి, టమాటా పులుసు, వేయించిన ఉల్లిపాయలు పైన వేసి ఇచ్చే 'కొషరి' కడుపు నింపుతుంది. ఫావా గింజలను మెత్తగా ఉడికించి జీలకర్ర, నూనె చేర్చినది 'ఫూల్'. ఆ గింజలను నానబెట్టి రుబ్బి వేయించిన వడలు 'తామియా'. అయితే పుట్టుకతో జి6పిడి లోపం ఉన్నవారు ఫావా గింజలను ముట్టరాదు. వారికి రక్తకణాలు విచ్ఛిన్నమై ప్రాణాపాయం కలుగవచ్చును. 'ములూఖియా' అనే ఆకుకూర పులుసును తరచు మాంసరసంతో వండుతారు. "మిన్ ఘేర్ లహ్మా", అనగా మాంసం లేకుండ, అని అడగండి. టీలో చక్కెర మెండుగా వేస్తారు; మధుమేహులు "మిన్ ఘేర్ సుక్కర్" అనవలెను.

'కర్కడే' అనే ఎర్రని పానీయం మన ఎర్ర గోంగూర జాతి మొక్క పూల రక్షకపత్రాలతో చేసేదే. పుల్లగా, రుచిగా ఉంటుంది. రక్తపోటును కొంత తగ్గించే గుణం దానికి ఉన్నది గనుక ఆ మాత్రలు వాడేవారు మితంగా పుచ్చుకొనవలెను.

కోసి ఉంచిన పచ్చికూరలు, పండ్లముక్కలు విడిచి, వేడివేడిగా వండినది తినండి.

నైలులో స్నానం వద్దు

పుణ్యనదిగా భావించి నైలులోను, దాని కాలువలలోను కాళ్లు కడుగుకొనుట, మునుగుట మనవారికి సహజం. నీటి నత్తల ద్వారా వ్యాపించే బిల్హార్జియా క్రిమి చర్మం గుండా దేహంలో ప్రవేశిస్తుంది. థియోడర్ బిల్హార్జ్ అనే వైద్యుడు 1851లో దానిని కైరోలోనే కనుగొన్నాడు. ఆ వ్యాధి ఇప్పుడు చాలవరకు తగ్గినది. అయినను ఒడ్డునుండి నమస్కరించుట చాలును.

మందుల సంచి

ఇది అన్నిటికంటె ముఖ్యం. విరేచనాలకు మన వైద్యంలో పేరుగాంచిన జాతీఫలాది చూర్ణంలో భంగి ఉన్నది. కర్పూర రసంలో నల్లమందు ఉన్నది. వీటిని విదేశాలకు తీసుకొనిపోరాదు. గసగసాలు యు.ఎ.ఇ., సౌదీ అరేబియాలలో నిషిద్ధం. అక్కడ విమానం మారేవారు వంట సామగ్రిలో కూడ ఉంచుకొనరాదు. ట్రమడాల్ అనే నొప్పి మాత్రలను ఈజిప్టు చట్టం కఠినంగా చూస్తుంది. వాటిని తెచ్చినందుకు 2017లో ఒక బ్రిటిష్ పర్యాటకురాలికి మూడేళ్ల జైలుశిక్ష పడింది. తెలియక తెచ్చామంటే చెల్లదు.

రక్తపోటు, మధుమేహం మందులను ప్రయాణం పేరుతో మానరాదు. వాటిని అసలు పెట్టెలతో, వైద్యుని చీటీతో చేతి సంచిలో ఉంచవలెను. ఇన్సులిన్‌ను విమానపు సామాను గదిలోకి వేయరాదు. మధుమేహులు కాలే రాతినేలపై చెప్పులు లేక నడువక, ప్రతి రాత్రి పాదాలు పరీక్షించుకొనవలెను.

అజీర్ణానికి శొంఠి, వాము; మలబద్ధానికి త్రిఫలా చూర్ణం; విరేచనాలకు ఓ.ఆర్.ఎస్. పొట్లాలు చాలు. పొట్లం లేకుంటే లీటరు శుద్ధజలంలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు సమతలంగా కొలిచి కలుపుకొనవలెను. రక్తం పడినా, జ్వరం వచ్చినా, ఒక రోజులో తగ్గకున్నా ఇంటి వైద్యంతో కాలయాపన చేయక వైద్యుని చూడండి. అక్కడ అంబులెన్సుకు 123.

గిజా మహా పిరమిడు లోపలి దారి కొంతమేర సుమారు నాలుగడుగుల ఎత్తే. వంగి ఎక్కవలెను, గాలి ఉక్కగా ఉంటుంది. గుండెజబ్బు, మోకాళ్ల నొప్పులు ఉన్నవారు బయటనుండి చూచినను యాత్రాఫలం తగ్గదు.

సిగ్గుపడి నీరు మానకండి. గొప్పకు పోయి మెట్లెక్కకండి. సుఖంగా వెళ్లి క్షేమంగా తిరిగి రండి.