వైద్యానికి మొదటి మెట్టు ఏది?

ఉత్తరాంధ్రలో పిల్లలను అమెరికా పంపిన కుటుంబాలు నేడు తక్కువేమీ కాదు. కూతురి పురుటికో, కొడుకు పట్టా పుచ్చుకొనే వేడుకకో తల్లిదండ్రులు బయలుదేరుతున్నారంటే పిల్లలు ముందుగా చెప్పే జాగ్రత్తలు రెండు. ఉన్నన్ని నెలలకూ సరిపడా బీపీ, షుగరు మాత్రలు ఇక్కడి నుంచే తెచ్చుకోవాలి. ప్రయాణికుల బీమా తప్పక తీసుకోవాలి. వైద్యం కోసం ప్రపంచంలోకెల్లా అధికంగా ధనం వెచ్చించే దేశానికి వెళ్ళేవారు చీపురుపల్లి మందుల దుకాణంలో మాత్రలు కొని పెట్టెలో సర్దుకోవలసి రావడం ఆలోచింపదగిన విషయం. ఆ దేశపు వైద్య వ్యవస్థ ఎక్కడ తడబడింది? ఆ తడబాటు పోలికలు మన దగ్గర ఉన్నాయా? ఉంటే దిద్దుకొనే మార్గమేమిటి? ఈ ప్రశ్నలను పరిశీలిద్దాం.

ధనం ఉంది, ధీమా లేదు

2023లో అమెరికా ఆరోగ్యంపై వెచ్చించిన మొత్తం సుమారు 4.9 లక్షల కోట్ల డాలర్లు. ఇది ఆ దేశ స్థూల ఉత్పత్తిలో 17.6 శాతం. అయినా ఆ ఏడాది దాదాపు 2.6 కోట్ల మందికి ఎలాంటి ఆరోగ్య బీమా లేదు. అక్కడి సగటు ఆయుర్దాయం 78.4 ఏళ్ళు కాగా, అంతకంటే ఎంతో తక్కువ ఖర్చు చేసే జపానులో అది 84 ఏళ్ళు.

దీనికి మూలం ఆ వ్యవస్థ పెరిగిన తీరులోనే ఉంది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో జీతాల పెంపుపై ప్రభుత్వం ఆంక్షలు విధించగా, కంపెనీలు ఉద్యోగులను నిలుపుకొనేందుకు ఆరోగ్య బీమాను ఎర చూపాయి. నాటి నుంచి వైద్యం ఉద్యోగానికి ముడిపడిపోయింది. ఉద్యోగం పోతే బీమా కూడా పోయే స్థితి ఏర్పడింది. 1965లో వృద్ధుల కోసం మెడికేర్, పేదల కోసం మెడికెయిడ్ పథకాలు వచ్చాయి. 2010 నాటి చట్టం, అప్పటికే రోగమున్నదన్న కారణంతో బీమా నిరాకరించడాన్ని నిషేధించింది. అనేక లక్షల మందికి ఇది ఊరట కలిగించింది. కాని బీమా ఉన్నవారు సైతం ఏటా కొంత మొత్తం సొంత చేతి నుంచి చెల్లించిన తరువాతే కంపెనీ సొమ్ము కదులుతుంది. ఆ భయంతో చిన్న రోగానికి వైద్యుని వద్దకు వెళ్ళడం వాయిదా వేసేవారు అక్కడ ఎందరో.

ఈ వైపరీత్యానికి మూత్రపిండాల వైద్యం చక్కని ఉదాహరణ. 1972లో చేసిన ఒక చట్టం మేరకు, మూత్రపిండాలు పూర్తిగా చెడిపోయిన రోగికి వయసుతో నిమిత్తం లేకుండా డయాలసిస్ ఖర్చును మెడికేర్ భరిస్తుంది. ఇది మెచ్చదగిన దయ. అయితే ఆ మూత్రపిండాలను చెడగొట్టే ప్రధాన కారణాలు అధిక రక్తపోటు, మధుమేహం. బీమా లేని మనిషికి ఆ రెండింటినీ అదుపులో ఉంచే మాత్రలు, పరీక్షలు ఏళ్ళ తరబడి దొరకకపోవచ్చు. అవయవం పాడయ్యాక మాత్రం ఖజానా తలుపులు తెరుచుకుంటాయి. మొదటి మెట్టున పదులలో పోయేది చివరి మెట్టున వేలల్లో పోతుంది. మనిషి ఆరోగ్యమైతే తిరిగి రానే రాదు.

మన గడపలో అదే పోలిక

ఇక మన వైపు చూద్దాం. 2007 ఏప్రిల్ 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ ప్రారంభమైంది. తొలి విడతలో చేరిన మూడు జిల్లాలలో శ్రీకాకుళం ఒకటి. ప్రభుత్వాలతో పాటు పేరు మారుతూ నేడది డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవగా కొనసాగుతున్నది. గుండె ఆపరేషన్ అంటే పొలం అమ్ముకోవలసిన కాలం నుంచి పేదవానిని గట్టెక్కించిన పథకమది. దాని మేలును కాదనడం అన్యాయమవుతుంది.

అయితే ఆ పథకం ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకొనే చికిత్సలకే ఉద్దేశించబడింది. నెలనెలా మింగవలసిన మాత్ర, ఏడాదికోసారి చేయించుకోవలసిన రక్త పరీక్ష చాలా ఇళ్ళలో సొంత ఖర్చుగానే మిగిలిపోయాయి. జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం 2021-22లో కూడా దేశంలోని మొత్తం ఆరోగ్య వ్యయంలో 39.4 శాతం ప్రజలు నేరుగా జేబు నుంచి చెల్లించినదే. మరోవైపు బకాయిలు చెల్లించలేదంటూ ప్రైవేటు ఆసుపత్రులు పథకం సేవలు నిలిపివేయడం ఇటీవలి సంవత్సరాలలో మనం చూశాం. చేతిలో కార్డు ఉండి కూడా రోగి గుమ్మం వద్ద నిలబడవలసి వస్తే ఆ ధీమాకు అర్థమేముంది?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కథ మనకు కొత్తది కాదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాలలో దశాబ్దాలుగా మూత్రపిండాల వ్యాధి కుటుంబాలను కుంగదీస్తున్నది. 2023 డిసెంబర్ 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. అదే రోజున ఆ గ్రామాలకు రిజర్వాయరు నీటిని అందించే సుమారు రూ.700 కోట్ల తాగునీటి పథకం కూడా ప్రారంభమైంది. ఆ రోగానికి అసలు కారణం ఇదమిత్థమని శాస్త్రజ్ఞులు నేటికీ తేల్చలేదు. అయినా ఆసుపత్రితో పాటు నీటిని గురించి కూడా ఆలోచించడం సరైన దిశలో పడిన అడుగే.

గుర్ల నేర్పిన పాఠం

నీటి మాట వచ్చింది కనుక చీపురుపల్లి నియోజకవర్గంలోని గుర్లను తలచుకోక తప్పదు. 2024 అక్టోబర్‌లో ఆ గ్రామంలో అతిసారం ప్రబలింది. కొద్ది రోజులలోనే వందలాది మంది మంచం పట్టారు. కొందరు ప్రాణాలు కోల్పోయారు. గ్రామంలో వైద్య శిబిరాలు వెలిశాయి, ట్యాంకర్లతో నీరు వచ్చింది, ఉప ముఖ్యమంత్రి స్వయంగా వచ్చి పరామర్శించారు, విచారణకు ఐఏఎస్ అధికారిని నియమించారు. కలుషితమైన తాగునీటి పైనే అందరి వేలూ చూపింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. అతిసారంతో మరణించడానికి అరుదైన రోగం కాని, అందుబాటులో లేని ఆపరేషన్ కాని కారణం కాదు. సమయానికి ఉప్పు, పంచదార కలిపిన నీరు, అవసరమైతే సెలైను అందితే అత్యధికులు బతికి బయటపడతారు. నీటి గొట్టం శుభ్రంగా ఉంటే అసలు మంచమే ఎక్కరు. ఎన్ని లక్షల బీమా కార్డైనా నీటి తొట్టెను కడగలేదు. క్లోరిన్ కలిపే మనిషి, పైపు పగులును పూడ్చే పంచాయతీ, మొదటి రోజున పది విరేచనాల కేసులు కనబడగానే హెచ్చరించే ఆశా కార్యకర్త — వైద్య వ్యవస్థకు పునాది వీరే.

చేయదగినవి

చీపురుపల్లికి ఒక భాగ్యం ఉంది. సామాజిక ఆరోగ్య కేంద్రం ఊళ్ళోనే ఉంది; హౌరా–చెన్నై రైలు మార్గం మీద ఉన్నందున విజయనగరం, విశాఖపట్నం చేరడం కష్టం కాదు. విజయనగరంలో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల నడుస్తున్నది. మైదాన ప్రాంతంలో 30 వేల జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, 5 వేల జనాభాకు ఒక ఉపకేంద్రం ఉండాలన్నది జాతీయ ప్రమాణం. ఆ కట్టడాలు ఉంటే చాలదు. అక్కడ వైద్యుడు కూర్చోవాలి, మాత్రలు నెల పొడవునా దొరకాలి, ప్రయోగశాల పనిచేయాలి. ప్రసవ సమయం వరకు ఆగకుండా గర్భిణి రక్తహీనతను మూడో నెలలోనే గుర్తించాలి. బీమా పథకానికి కేటాయించే సొమ్ములో కొంతైనా ఈ మొదటి మెట్టుకు మళ్ళితే, చివరి మెట్టున పడే భారం దానంతటదే తగ్గుతుంది.

సమాజానికి కూడా ఇందులో పాత్ర ఉంది. 13వ శతాబ్దంలో కైరో నగరంలో సుల్తాన్ ఖలావూన్ నెలకొల్పిన ఆసుపత్రి వక్ఫ్ ఆస్తుల ఆదాయంతో శతాబ్దాల పాటు రోగులకు ఉచితంగా సేవ చేసింది. నేడు అంతటి భవనాలు మనం కట్టలేకపోవచ్చు. కాని మసీదు కమిటీ జుమా నాడు ఆరోగ్య కార్యకర్తను పిలిపించి ఊరివారందరికీ, మతభేదం లేకుండా, రక్తపోటు, షుగరు చూపించవచ్చు. ఏడాదికోసారి వీధి కుళాయి నీటిని పరీక్షకు పంపించవచ్చు. మందులు కొనలేని వితంతువుకు ప్రతి నెలా మాత్రలు చేరేలా చూడటం జకాత్, సదఖాల స్ఫూర్తికి ఎంతో దగ్గరి పని.

ఇంట్లో గృహిణి చేయగలిగినది అన్నింటికంటే పెద్దది. తాగే నీరు కాచి చల్లార్చడం, నలభై ఏళ్ళు దాటిన ప్రతి ఒక్కరికీ ఏటా పరీక్షలు చేయించడం, ఇంట్లోని పెద్దలు మాత్ర మానకుండా చూడటం — ఇవి ఖర్చు తక్కువ, ఫలం ఎక్కువ గల వైద్యాలు. తన సంగతి చివరికి వాయిదా వేసుకొనే అమ్మకు కూడా ఈ పరీక్షలలో వంతు ఉండాలి. మగవారు ఆ మాట మరువరాదు.

సంపన్న దేశం మనకు నేర్పే పాఠం ఇదే: వైద్యానికి ఎంత ఖర్చు చేస్తున్నామన్న దానికంటే ఏ మెట్టున ఖర్చు చేస్తున్నామన్నది ముఖ్యం. గుర్లలో కన్నుమూసిన వారికి మొదటి మెట్టే జారింది. ఆ మెట్టును గట్టిగా కట్టుకొనే బాధ్యత ప్రభుత్వానిది, పంచాయతీది, మనందరిదీ.