పూవులకు పోవుట

భాద్రపద బహుళామావాస్యనాటికి మన ప్రాంతమున చెఱువులు నిండియుండును. మక్కచేలు కోతకు వచ్చియుండును. గట్లమీద తంగేడు విరగబూచియుండును. మనము పెత్రమాస యని పిలుచు ఆ దినముననే ఎంగిలిపూల బతుకమ్మతో పండుగ మొదలై, తొమ్మిదవనాడు సద్దుల బతుకమ్మతో ముగియును. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణములలో దీని నెఱుగనివారు లేరు. అయినను ఈ పండుగలో పసిపిల్లల పాలు ఎంత, పెద్దలు వారిని వెంటబెట్టుకొని ఎక్కడికి పోవుచుండిరి, అందువలన వారేమి నేర్చుచుండిరి అను సంగతి ఇటీవల మఱుగుపడుచున్నది. దానిని గూర్చియే యీ వ్యాసము.

గత సంవత్సరము సెలవులకు ముందు, గునుగు ఎక్కడ పెరుగునని తరగతిలో నడిగితిని. ఒక చిన్నవాడు లేచి “అంగడిల, సార్” అనెను. అందఱును నవ్విరి. కాని నవ్వినవారిలో పలువురకు అంతకన్న మంచి యుత్తరము తెలియదు.

పిల్లల పండుగ నిజమునకు బతుకమ్మకు ముందే మొదలగును. భాద్రపద బహుళ పంచమి మొదలుకొని కన్నెపిల్లలు బొడ్డెమ్మను నిలుపుదురు. పుట్టమన్ను తెచ్చి, తడిపి, పీటమీద మెట్లు మెట్లుగా కట్టి, పూలు గ్రుచ్చి, సాయంకాలము వాకిటిలో దానిచుట్టు తిరిగి పాడుదురు. మన్ను ఎంత తడిపిన నిలుచును, ఎంత తడిపిన జారును అనునది నాలుగేండ్ల పిల్లకు చేతివ్రేళ్లే చెప్పును.

పిదప పూవులకు పోవుట. ఇది మన బాలురు ప్రత్యేకముగా తెలిసికొనవలసిన విషయము. బతుకమ్మ ఆడువారి పండుగ యైనను పూలు తెచ్చుట పూర్వమునుండియు తండ్రులు, అన్నదమ్ముల వంతు. తెల్లవారకమునుపే సంచులు పట్టుకొని, చిన్నవారిని భుజములమీద నెక్కించుకొని, చెలకలకు పోవుచుండిరి. నా చిన్ననాట మా నాయనమ్మయు మాతో వచ్చెడిది. నేను తొందరలో గునుగును వేరుతో పెఱికినప్పుడెల్ల “వేరుతోటి పీకకు బిడ్డా, మళ్లేడు పూలుండద్దా?” అని మందలించెడిది. తంగేడును కోయునప్పుడు మాత్ర మామె ఏమియు ననకుండెను. ఇది పక్షపాతమని నాకప్పుడు తోచినది. వృక్షశాస్త్రము చదివిన పిమ్మట ఆమె మాటలోని న్యాయము బోధపడినది. తంగేడు బహువార్షికమైన పొద. కొమ్మ విఱిచిన మరల చిగుర్చును. గునుగు ఒక్క యేటి మొక్క. గింజ రాలిననేగాని మఱుసటి యేడు మొలకెత్తదు. దాని కంకి అడుగున గింజ ముదురుచుండగానే కొనయందు లేతగులాబివన్నె పూవు విచ్చుచుండును. కావున కంకినే త్రుంచి, కొన్నిటిని చేనిలో విడిచిపెట్టవలెను.

తంగేటి పట్టతో తోళ్లు పదును చేయుదురు. గునుగు లేతాకును కూర వండుకొందురు. రైతునకు గునుగు కలుపుమొక్కయే. కలుపుమందుల వాడుక పెరిగినకొలది చేలలో అది తఱిగినది. తంగేటి కథ వేఱు. 1963 జూలై 26న పోచంపాడు వద్ద నెహ్రూగారు శంకుస్థాపన చేసిన శ్రీరామసాగరము పూర్తియై, కాకతీయ కాలువ కోరుట్ల, జగిత్యాల ప్రాంతములకు గోదావరి నీరు తెచ్చినది. మొరపనేలలు చదునై వరిమళ్లైనవి. ఇది కీడని నేననను. ఆ నీటితోనే మన యిండ్లలో అన్నము ఉడుకుచున్నది. కాని మునుపు ఊరిప్రక్కనే దొరకిన తంగేటికై యిప్పుడు గుట్టలదాక పోవలసివచ్చుచున్నది. అంత దూరము పోవుటకు విసిగినవారు అంగడిలో కొనుచున్నారు. ఆ చిన్నవాని యుత్తరమునకు మూల మిదియే.

తెచ్చిన పూలను పేర్చుట మఱియొక పాఠము. తాంబాళములో గుమ్మడియాకులు పఱచి, తంగేటి పూలు ఒక వరుస, కట్టలుగా కట్టి రంగులద్దిన గునుగు ఒక వరుస, బంతి, కట్లపూలు, సీతజడలు, ఇట్లు ఒకదానిపై నొకటి గుండ్రముగా నమర్తురు. కాడలు లోపలివైపునకు ఉండవలెను. నడుమ ఖాళీని ఆకులతోను తుంచిన కాడలతోను కూరవలెను. లేకున్న ఎత్తగానే కూలును. పెద్ద బతుకమ్మ ప్రక్కన చిన్నదియొకటి తోడు బతుకమ్మ యని పేర్తురు. దానిని పిల్లలకే విడువవలెను. వంకరగా వచ్చిన దిద్దవలదని నా మనవి.

దినమునకొక నైవేద్యము: అటుకులు, ముద్దపప్పు, నానబియ్యము, అట్లు. ఆఱవనాడు అలిగిన బతుకమ్మ, ఆనాడు పేర్వరు. పిల్లలు దినములు లెక్కించుటకు ఈ తిండి పేళ్లే చాలును. సద్దులనాడు చెఱువుగట్టున మలీద ముద్దలు, సత్తుపిండి పంచుకొని తినుటకై వారు మధ్యాహ్నమునుండియే తొందరపెట్టుదురు.

సిరిసిల్లవారికి మఱియొక సదుపాయము గలదు. సమీపమున నున్న వేములవాడలో సద్దుల బతుకమ్మ ఏడవనాడే జరుగును. పిల్లలను ఆనాడు అచ్చటికి తీసికొనిపోయి, తొమ్మిదవనాడు తమ మానేటియొడ్డున మరల ఆడవచ్చును. 2017 మొదలు కొన్ని యేండ్లపాటు ప్రభుత్వము పంచిన బతుకమ్మ చీరలు, ఏటేట సుమారు కోటి, ప్రధానముగా సిరిసిల్ల మరమగ్గములమీదనే నేయబడినవి. ఆ యేండ్లలో పండుగ ముందు నెలలందు మగ్గములు రేయింబవళ్లు నడచుచుండెను. ఊరూర పూలకు పోవు వేళ, ఇచ్చటి తండ్రులు ఊరూరివారు కట్టు చీరలు నేయుచుండిరి.

నీటియొడ్డున ఒక జాగ్రత్త. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో అనేక చెఱువుల పూడిక తీసిరి. పెద్దలెఱిగిన పాత లోతు ఇప్పుడుండదు. గట్టుప్రక్కనే గుంత యుండవచ్చును. కావున ఈత వచ్చినవారొకరు ముందు దిగి చూచిన పిమ్మటనే బతుకమ్మను సాగనంపవలెను. పిల్లల చేయి వదలరాదు. ఇంకొకటి: యంత్రములతో పాట మ్రోగించిన, ఒకరు చెప్పగా తక్కినవారు ‘ఉయ్యాలో’ యని చప్పట్లతో అందుకొను పాట పిల్లల చెవికి సోకదు. కనీసము ఇంటి వాకిటనైన యంత్రము నాపి అవ్వలచేత పాడించుకొనవలెను.

దసరానాడు ఊరి పొలిమేర దాటి జమ్మిచెట్టు కడకు పోవుట, ఆకును బంగారమని పెద్దల చేతిలో పెట్టి దీవెన పొందుట, పాలపిట్టను చూచుట మన యాచారము. 2014లో తెలంగాణ రాష్ట్రమునకు తంగేడు పుష్పముగను, జమ్మి వృక్షముగను, పాలపిట్ట పక్షిగను ప్రకటింపబడినవి. రాష్ట్రచిహ్నములు మూడును పదిదినములలో కాలినడకన చూడదగినవే. (మన జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు పుట్టినదియు 2016 అక్టోబరు 11న, దసరానాడే.) అయితే కొందఱు పాలపిట్టను పట్టి, పంజరములో పెట్టి, డబ్బు తీసికొని చూపుచున్నారు. 1972 నాటి వన్యప్రాణి చట్టము ప్రకార మది నేరము. పురుగులకై యది చేలప్రక్క తీగెలమీద తానై కూర్చుండును. కొంచెము నడచిన చాలును. ఎగిరినప్పుడు ఱెక్కలలో మెఱయు నీలమును పంజరములో నెవ్వడును చూడలేడు.

సెలవుల పిదప, అంగడి యని చెప్పిన చిన్నవాడు నా బల్లమీద ఒక కాగితపు పొట్లము పెట్టెను. విప్పి చూడగా అందులో నల్లని, నిగనిగలాడు సన్నని గింజలున్నవి. తాతతో చెలకకు పోయి కంకి దులిపి తెచ్చినాడట. “ఎక్కడ చల్లాలె సార్?” అని యడిగెను. ఆటస్థలము వెనుక ప్రహరిగోడ ప్రక్కన జానెడు మొరపనేల యున్నది. తొలకరికి అచ్చటనే చల్లుదమని చెప్పి పొట్లమును బల్లసొరుగులో దాచితిమి.