డివిడెండ్ల మీద ఏటా ఎంతొస్తుంది?

జూన్‌ నుంచి సెప్టెంబరు దాకా షేర్లున్నవాళ్ల ఫోన్లకు ఓ తీపి కబురు తరచూ వస్తుంటుంది- ఫలానా కంపెనీ డివిడెండ్‌ మీ ఖాతాలో జమ అయిందని. షేరు అమ్మకుండానే చేతికందే డబ్బది. అందుకే ఉద్యోగ విరమణకు దగ్గరవుతున్న ఎందరో దీన్ని నెలవారీ ఖర్చులకు ఆసరాగా చూస్తున్నారు. ఆ ఆశలో తప్పులేదు. రాబోయే మొత్తాన్ని సరిగ్గా అంచనా వేసుకోకుండా ఇంటి బడ్జెట్‌ రాసుకుంటేనే చిక్కు.

శాతాలు కాదు, రూపాయలు!

‘800 శాతం డివిడెండ్‌’ అన్న వార్త చూడగానే కళ్లు మెరుస్తాయి. ఆ శాతం మార్కెట్‌ ధర మీద కాదు, షేరు ముఖవిలువ మీద. హైదరాబాద్‌ కంపెనీ డాక్టర్‌ రెడ్డీస్‌నే చూడండి. 2023-24కి రూ.5 ముఖవిలువ ఉన్న షేరుకు రూ.40 ఇచ్చింది. 2024 అక్టోబరులో ఒక్కో షేరునూ అయిదుగా విభజించి, 2024-25కి రూపాయి ముఖవిలువ షేరుకు రూ.8 ఇచ్చింది. రెండూ 800 శాతమే, వాటాదారు చేతికొచ్చిన మొత్తమూ ఒక్కటే. కాబట్టి పాత ఏళ్లతో పోల్చేటప్పుడు మధ్యలో విభజన, బోనస్‌ ఏమైనా జరిగాయా అన్నది చూసుకుని, షేరుకు ఎన్ని రూపాయలన్నదే రాసుకోవాలి.

‘డివిడెండ్‌ యీల్డ్‌’ అంకెనూ గుడ్డిగా నమ్మలేం. గడిచిన ఏడాది డివిడెండ్‌ను నేటి ధరతో భాగిస్తే వచ్చేదది. ధర పడిపోయినా యీల్డ్‌ పెరిగినట్టే కనిపిస్తుంది. వేదాంత 2022-23లో అయిదు విడతలుగా షేరుకు రూ.101.50 పంచింది. మరుసటి ఏడాది దక్కింది రూ.29.50. మొదటి అంకె చూసి ఖర్చులు పెంచుకున్న ఇంట్లో రెండో ఏడాది ఏం జరిగి ఉంటుందో ఊహించవచ్చు. ఐటీసీ 2022-23లో ఇచ్చిన రూ.15.50లోనూ రూ.2.75 ప్రత్యేక డివిడెండ్‌. అలాంటిది మళ్లీ వస్తుందన్న భరోసా లేదు కాబట్టి అంచనాలోంచి తీసేయాలి.

తగ్గిన ఏడాదే కొలమానం

ఉదాహరణకు ఒకరి దగ్గర 400 కోల్‌ ఇండియా, 1,000 ఐటీసీ, 250 డాక్టర్‌ రెడ్డీస్‌ షేర్లు ఉన్నాయనుకుందాం. 2024-25లో ఇవి షేరుకు వరసగా రూ.26.50, రూ.14.35, రూ.8 ఇచ్చాయి. అంటే రూ.10,600, రూ.14,350, రూ.2,000... మొత్తం రూ.26,950.

అవే షేర్లకు 2019-20 డివిడెండ్లు వేసి చూడండి. కోల్‌ ఇండియా రూ.12, ఐటీసీ రూ.10.15, విభజన ప్రకారం సవరిస్తే డాక్టర్‌ రెడ్డీస్‌ రూ.5. మొత్తం రూ.16,200 మాత్రమే! నెలకు ఒక లెక్కలో దాదాపు రూ.2,246 అయితే, మరో లెక్కలో రూ.1,350.

విరగపండిన ఏడాదిని చూసి కౌలు ఒప్పుకునే రైతు ఉండడు. డివిడెండ్‌ మదుపరికీ ఆ జాగ్రత్తే కావాలి. అయిదారేళ్ల చెల్లింపుల్లో అన్నిటికన్నా తక్కువ ఉన్న ఏడాదిని తప్పనిసరి ఖర్చులకు కొలమానంగా పెట్టుకోవాలి. ఆపై వచ్చింది పొదుపునకో, మళ్లీ షేర్లు కొనడానికో వాడుకోవాలి.

ఎందుకంటే డివిడెండ్‌ వడ్డీలాంటి హామీ కాదు. మధ్యంతర డివిడెండ్‌ డైరెక్టర్ల బోర్డు నిర్ణయం. తుది డివిడెండ్‌ను బోర్డు సిఫార్సు చేస్తే వార్షిక సమావేశంలో వాటాదారులు ఆమోదించాలి. లాభం తగ్గినా, కొత్త ప్లాంటుకు డబ్బు కావాల్సివచ్చినా కోత పడొచ్చు. 2020 ఏప్రిల్‌లో, కొవిడ్‌ వేళ, 2019-20 లాభాల్లోంచి ఇంకేమీ పంచవద్దని రిజర్వు బ్యాంకు బ్యాంకులన్నిటినీ ఆదేశించింది. ఒకే రంగం షేర్ల మీద ఆధారపడితే ఎంత ప్రమాదమో అప్పుడు తెలిసొచ్చింది.

పన్ను పోగా మిగిలేదెంత?

2020 ఏప్రిల్‌ నుంచి డివిడెండ్‌ను వాటాదారు ఆదాయంలో కలిపి, ఆయన శ్లాబును బట్టి పన్ను వేస్తున్నారు. 20 శాతం శ్లాబులో ఉన్నవారికి పై ఉదాహరణలోని రూ.26,950లో, సెస్సు కాకుండానే, మిగిలేది రూ.21,560. ఒక కంపెనీ నుంచి ఏడాదిలో వచ్చే డివిడెండ్‌ రూ.10,000 దాటితే పది శాతం టీడీఎస్‌ ముందే కోస్తారు. 2025 మార్చి వరకూ ఈ పరిమితి రూ.5,000. టీడీఎస్‌ అదనపు పన్నేమీ కాదు, రిటర్నులో సర్దుబాటవుతుంది. కానీ ఆ డబ్బు వెంటనే చేతికి రాదు కాబట్టి నెలవారీ లెక్కలో దాన్నీ చూసుకోవాలి.

డబ్బు ఎప్పుడొస్తుందన్నదీ ముఖ్యమే. ప్రకటించిన 30 రోజుల్లో కంపెనీ చెల్లించాలి. రికార్డు తేదీకల్లా షేరు మన డీమ్యాట్‌ ఖాతాలో ఉండాలి. అంటే కనీసం ఒక ట్రేడింగ్‌ రోజు ముందే కొనాలి. డివిడెండ్‌ కోసమే ఆఖరి నిమిషంలో కొంటే లాభముండదు. ఎక్స్‌-డివిడెండ్‌ రోజున, అంటే కొన్నవారికి ఆ డివిడెండ్‌ దక్కని మొదటి రోజున, ధర సాధారణంగా ఆ మేరకు తగ్గుతుంది, పైగా వచ్చినదాని మీద పన్నూ పడుతుంది.

మరచిపోతే చేజారుతుంది

ఖాతా మారో, చిరునామా మారో చేరని డివిడెండ్‌ ఏడేళ్లపాటు అలాగే ఉండిపోతే పెట్టుబడిదారుల అవగాహన, రక్షణ నిధికి వెళ్లిపోతుంది. వరసగా ఏడేళ్లు తీసుకోకపోతే షేర్లూ అక్కడికే బదిలీ అవుతాయి. దరఖాస్తు చేసి వెనక్కి తెచ్చుకునే వీలున్నా, పత్రాల కోసం చాలా తిరగాలి. ముఖ్యంగా ఇంటిపెద్ద పోయాక కుటుంబాలకు ఇదే పెద్ద భారం.

అందుకే ఈ వారమే ఓ కాగితం తీసుకోండి. కంపెనీ పేరు, షేర్ల సంఖ్య, అయిదేళ్ల డివిడెండ్లు, వాటిలో అతి తక్కువ మొత్తం, పన్ను పోగా మిగిలేది- ఈ అయిదూ రాయండి. డీమ్యాట్‌లో బ్యాంకు ఖాతా, నామినీ వివరాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడండి. ఆ కాగితం ఎక్కడుందో ఇంట్లోవాళ్లకూ చెప్పండి.